ఊరికి వచ్చిన పొట్టి కుక్క

(ఆత్మకూర్ (ఎస్) మండలమున గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



మురుగు కాలువలు, మంచినీళ్లు, వీధిదీపములు చర్చించు సభలో ఇంటికుక్క పెంపకమును గూర్చి మాట్లాడుదుమనగానే మీలో కొందరు చిరునవ్వు నవ్వితిరి. అందులో తప్పేమియు లేదు. కుక్క మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. రెండేండ్లకొకసారి దురాజ్‌పల్లి పెద్దగట్టున లింగమంతుల స్వామి జాతరకు తరలివచ్చు గొల్లసోదరులను అడిగినచో మందకుక్క విలువ యెట్టిదో వారే చెప్పగలరు. గొర్రెల వెంట పగలెల్ల నడచి, రాత్రి దొడ్డి చుట్టును తిరిగి, ఇంత గట్క తిని బ్రదుకు ఆ కుక్కను పెంచుట యెట్లో మేము వారికి చెప్పవలసినది లేదు.

మేము చెప్పదలచినది వేరొక కుక్కను గూర్చి. అది హైదరాబాదునుండి కారులో, ఒకరి ఒడిలో కూర్చుండి వచ్చును. తూకము కొద్ది కిలోలే. తెల్లని బొచ్చుకుక్క కావచ్చును. చప్పిడి ముక్కు పగ్ కావచ్చును. పొడుగు నడుము, పొట్టి కాళ్లుగల డాషుండు కావచ్చును. పట్నమున ఎవరో ముచ్చటపడి కొనిరి. తరువాత అద్దె యింటి యజమాని ఒప్పుకొనలేదు. లేదా ఉద్యోగము మారినది. లేదా కుక్కకు జబ్బు చేసినది. వీధిలో విడిచిరి. అచ్చటినుండి అది జంతు సంరక్షణశాలకు చేరినది. మన ఊరి యువకుడొకడు దయతలచి దానిని తెచ్చుకొనును. కొంత కాలమునకు అతనికిని అవే యిబ్బందులు కలిగి, "అమ్మా, నీకు తోడుగా నుండును" అని తల్లియొద్ద విడిచి పోవును. ఆ తల్లికి ఎడ్ల సంగతి, బర్రెల సంగతి తెలియును గాని, ఈ జీవి సంగతి తెలియదు.

దిక్కులేని కుక్కను తెచ్చి సాకుట మంచి పనియే. అంగడిలో వేలకువేలు పోసి కొనుటకన్న ఇది వెయ్యిరెట్లు మేలని మా అభిప్రాయము. హైదరాబాదులో 1992వ సంవత్సరమున స్థాపితమైన బ్లూక్రాస్ సంస్థ ఇట్టి కుక్కలను చేరదీసి పెంపకమునకు ఇచ్చుచు వచ్చినది. 2025 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదు నగరపాలక సంస్థ సయితము బంజారాహిల్సులోని జలగం వెంగళరావు పార్కునందు నాటు కుక్కపిల్లలను దత్తత యిచ్చు కార్యక్రమము జరిపినది. ఈ మార్గము ఇక ముందు మరింత విశాలమగును. మన గ్రామములకు వచ్చు కుక్కల సంఖ్యయు పెరుగును.

అయితే చిక్కు అంతయు ఒక్క మాటలో నున్నది. "చిన్నది గదా!" అనెదరు. చిన్నది గదా అని టీకా వేయింపరు. చిన్నది గదా, పంటి గీత పడినది గాని కరిచినదా అని ఆసుపత్రికి పోరు. మందు విషయమునకు వచ్చునప్పటికి మాత్రము అది చిన్నదన్న సంగతి మరచి, బర్రెకు తెచ్చిన మందే దానికిని పోసెదరు. పిచ్చివ్యాధి విషయమున చిన్న కుక్కయు పెద్ద కుక్కయు ఒక్కటే. మందు విషయమున మాత్రము ఆ రెంటికిని హస్తిమశకాంతరము గలదు. ఈ భేదము మీరు గ్రహించి మీ వార్డులోని నాలుగిండ్లకు చెప్పగలిగినచో మేము వచ్చిన పని నెరవేరినట్లే.

కుక్కను తెచ్చుకొనువారు సంరక్షణశాలలో మొట్టమొదట అడుగవలసినది దాని కాగితములు. పిచ్చివ్యాధి టీకా ఏ తేదీన వేసిరి? పార్వో మొదలగు వ్యాధుల టీకాలు ఎన్ని పడినవి? నులిపురుగుల మందు ఎప్పుడు త్రాగించిరి? సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగినదా? ఇంతవరకు అది తినుచున్న తిండి యేమి? ఈ అయిదు సంగతులు వ్రాయించుకొని రావలెను. ఆడకుక్క యైనచో నాలుగవ ప్రశ్న మిక్కిలి ముఖ్యము. పొట్టి ఆడకుక్క ఊరిలోని పెద్ద మగకుక్కతో కలిసినచో, కడుపులోని పిల్లలు తల్లి దేహమునకు మించి పెరిగి ప్రసవము ప్రాణాంతకము కావచ్చును. శస్త్రచికిత్స చేయించిన కుక్కకు ఆ భయము లేదు; ముదిమిలో గర్భసంచికి చీము పట్టు జబ్బును రాదు.

హైదరాబాదునుండి మనకు నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. బయలుదేరుటకు మూడు నాలుగు గంటల ముందుగా తిండి మానిపింపవలెను, లేనిచో వాంతులగును. త్రోవలో నీళ్లు పట్టవలెను. టీ త్రాగుటకు దిగి, అద్దములు బిగించిన కారులో కుక్కను విడిచిపోవుట మాత్రము ఎన్నటికిని కూడదు. ఎండలో నిలిచిన కారు కొలది నిమిషములలోనే కొలిమి యగును.

ఇంటికి చేరిన దినమున సాధారణముగా జరుగునది మీకు తెలిసినదే. వాడకట్టు పిల్లలందరు చుట్టు మూగుదురు. ఒకడు ఎత్తుకొనును, ఒకడు తోక లాగును, ఒకడు బిస్కట్టు పెట్టును. కుక్క మంచము క్రింద దూరును. దానిని కాలు పట్టి బయటికి లాగుదురు. అప్పుడది కరచును. అంతట "ఇది కరిచే కుక్క" అని పేరు పడును. నిజమునకు అది కరచు కుక్క కాదు, భయపడిన కుక్క. ఒక యింట పెరిగి, వీధిన పడి, సంరక్షణశాలలో నూరు కుక్కల మొరుగుడు నడుమ నెలలు గడిపి, మరల క్రొత్త మనుష్యుల చేతిలో పడినది. ఇట్టి కుక్కకు వెరపు తీరుటకు మూడు దినములు, ఇంటి పద్ధతి తెలియుటకు మూడు వారములు, ఇది నా యిల్లు అను నమ్మకము కలుగుటకు మూడు నెలలు పట్టునని ఈ పని చేయువారు ఒక లెక్క చెప్పుదురు. కొన్నింటికి ఇంకను ఎక్కువ పట్టవచ్చును.

కావున మొదటి మూడు దినములు ఇంటిలో ఒక మూల గోనెసంచిపై పాత చీర మడిచి పరచి, ప్రక్కన నీళ్ల గిన్నె నుంచి, దాని మానాన దానిని విడువవలెను. మంచము క్రిందికి పోయినచో పోనిండు. ఆకలియైనప్పుడు అదియే వచ్చును. వచ్చిన నాడే స్నానము చేయింపరాదు. చుట్టములను పిలిచి చూపరాదు. తినుచున్నప్పుడు గాని, నిద్రించుచున్నప్పుడు గాని పిల్లలు దానిని ముట్టరాదు. అయిదేండ్లలోపు బిడ్డను కుక్కతో ఒంటరిగా విడుచుట ఎంత సాధువైన కుక్క యైనను తగదు. మలమూత్రములకు తెల్లవారగనే ఒకసారి, తిండి తినిన పిమ్మట ప్రతిసారియు, రాత్రి పడుకొనబోవునప్పుడు ఒకసారి పెరటిలో ఒకే తావునకు తీసికొనిపోయినచో కొలది దినములలో తానే నేర్చుకొనును. ఇంటిలో మూత్రము పోసినందుకు మూతి నేలకు రాయుట మన వారికి అలవాటు. దానివలన కుక్క నేర్చుకొనునది ఒక్కటే: మనిషికి కనబడకుండ మూలలలో పోయుట.

మెడకు బిగించు పట్టెడకన్న రొమ్ముచుట్టు కట్టు పట్టీ ఈ జాతులకు మంచిది. బొచ్చుకుక్కల గొంతునాళము మెత్తనిది. లాగినప్పుడెల్ల నలిగి ఎడతెగని దగ్గు పుట్టును. ఎత్తయిన మంచముపైనుండి, బండిపైనుండి దుమికినచో మోకాలి చిప్ప తొలగుటయు, డాషుండునకు వెన్ను దెబ్బతినుటయు కలదు.

ఇక తిండి. నాలుగు కిలోల ఎదిగిన కుక్కకు దినమునకు 250 మొదలు 300 కేలరీల ఆహారము చాలును. చిన్న గిన్నెడు అన్నము, ఉడికిన గ్రుడ్డు ఒకటి, ఉప్పు కారములు లేక ఉడికించిన కోడిమాంసము రెండు తునకలు: దాని దినవెచ్చ మింతియే. దీనిని రెండు పూటలకు పంచి పెట్టవలెను. పిల్లలకైతే మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా పెట్టవలెను. పొట్టి జాతి పిల్ల ఒక పూటంతయు పస్తున్నచో నెత్తురులోని చక్కెర పడిపోయి సొమ్మసిల్లుట కలదు. సంరక్షణశాలలో తినుచుండిన తిండిని ఒక్కసారిగా మార్చక, వారము దినములలో క్రమముగా మార్చవలెను. ఉల్లిగడ్డ, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాకొలెట్ కుక్కకు విషతుల్యములు. ఇంట దావతు జరిగినప్పుడు మిగిలిన నూనెకూర, ఉడికిన కోడి ఎముకలు ప్రేమతో వేయుదురు. ఉడికిన ఎముక సూదివలె చీలి గొంతున, ప్రేగున గుచ్చుకొనును. నూనె కూర క్లోమమును వాచజేయును. దావతు మరునాడు పశువైద్యశాలకు పరుగెత్తుటకన్న ఆ పూట కుక్కను వేరొక గదిలో నుంచుట సులభము.

మేము మరీ మరీ చెప్పదలచినది మందుల సంగతి. మన యిండ్లలో పశువులు, గొర్రెలు ఉన్నవి; వాటి మందులు దూలము సందున ఉండనే యున్నవి. కుక్కకు పిడుదులు పట్టగనే వాటివైపు చేయి పోవును. ఐవర్‌మెక్టిన్ సూదిమందు లెక్క చూడుడు. పశువునకు 50 కిలోల తూకమునకు 1 మిల్లీలీటరు చొప్పున వేయుదురు. ఆ లెక్కన 4 కిలోల కుక్క పాలికి వచ్చునది మిల్లీలీటరులో పదవ వంతు కూడ కాదు. అంత సూక్ష్మమును పశువుల సిరంజితో కొలుచుట ఎవరి తరము? అర మిల్లీలీటరు పోయినచో ఆరింతలు పడినట్లు. కుక్క తూలును, గ్రుడ్డిదగును, చచ్చుటయు కలదు. కొన్ని జాతులకు సరియైన లెక్కయే పడదు. బర్రె మేనికి తుడుచు పిడుదుల మందు కుక్కకు పూసినచో అది నాకి మ్రింగును. బొచ్చునంటిన మందంతయు కడుపులోనికి పోవును. వేపాకు నీళ్లు, దువ్వెన, చేతితో ఏరుట మొదట చేయదగినవి. ఆపై పశువైద్యుడు కుక్క తూకము చూచి వ్రాసిన మందు. పిడుదులను నిర్లక్ష్యము చేయుమని కాదు. పిడుదులవలన నెత్తుటిలో చేరు క్రిములతో జ్వరము వచ్చి, చిగుళ్లు పాలిపోయి కుక్కలు చచ్చుచున్నవి. జ్వరమునకు మన నొప్పి మాత్రలు వేయుట మరియొక పొరపాటు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపున పుండ్లు పుట్టించి మూత్రపిండములను చెరచును.

వరిమళ్లకు చల్లు గుళికలు, ఎలుకల మందు పెట్టిన ఉండలు ఇంటి వసారాలో నుంచు అలవాటు మానవలసినది కుక్క కొఱకే కాదు, నేలపై ప్రాకు పసిబిడ్డ కొఱకును.

మన వేసవి సంగతి మీకు చెప్పవలెనా? 45 డిగ్రీల ఎండలో మనిషికే ఊపిరాడదు. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటయే దానికి చలువ. చప్పిడి ముక్కు పగ్‌కు ఆ రొప్పుటయు సరిగా సాగదు. 2003 ప్రాంతమున ఒక టెలిఫోను కంపెనీ ప్రకటనలో ఆ కుక్కను చూచి దేశమంతయు మోజుపడినది. మన వాతావరణమునకు అది తగినది కాదు. దానిని కొని తెచ్చుట మాకు సమ్మతము గాదు. వచ్చి పడిన దానిని మాత్రము కాపాడవలె గదా. పగలు పది మొదలు సాయంకాలము అయిదు వరకు నీడపట్టున, తడిపిన గచ్చుపై నుంచవలెను. బొచ్చుకుక్కకు బొచ్చంతయు గొరుగుట ఉపకారము కాదు. ఆ బొచ్చు ఎండకును అడ్డము. నోట నురుగు వచ్చి, తూలి పడినచో ఒడలెల్ల చల్లని నీళ్లు పోసి, విసరుచు, ఆలసింపక వైద్యుని యొద్దకు కొనిపోవలెను.

ఇంత చేసి పెంచిన కుక్కను ఒకనాడు వీధికుక్కలు పట్టి చీల్చవచ్చును. దీని పర్యవసానము ఎంత దూరము పోవునో చూడుడు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలము పొన్నకల్ గ్రామమున రాత్రివేళ కొందరు వచ్చి 20 వీధికుక్కలను తుపాకితో కాల్చి చంపిరి. పంచాయతీ కార్యదర్శి ఫిర్యాదుపై కేసు నమోదైనది. తరువాత కొందరిని అరెస్టు చేసిన పోలీసులు చెప్పిన కారణము ఏమనగా, ఒకరి పెంపుడు డాషుండును వీధికుక్కలు చంపినవన్న కక్ష. ఒక్క పొట్టి కుక్క మూలమున ఒక ఊరిలో తుపాకి మ్రోగినది. ఆ తూటాలు మనుష్యులకు తగిలియుండినచో?

అందుచేత పొట్టి కుక్క గల యింటివారు ప్రహరి తలుపు మూసియుంచవలెను. మొదటి మూడు వారములు కుక్కను వాకిలి దాటనీయరాదు. తరువాత పట్టీతోనే, ఒకే వీధిలో, ఒకే వేళ త్రిప్పవలెను. ఆ వీధి కుక్కలకు దాని వాసన అలవాటగును. తమ కుక్క తినగా మిగిలినది వాకిట పారవేసి గుంపును పిలువరాదు. పంచాయతీ చేయవలసిన పనియు ఇచ్చట నున్నది. కోళ్ల దుకాణములవారు ప్రేగులు, ఈకలు ఊరి చివర గుమ్మరించు చోటనే కుక్కల గుంపులు తయారగుచున్నవి. ఆ వ్యర్థమును గోతిలో పూడ్పించుట మీ చేతిలోని పని.

వీధికుక్కలను చంపించుట మాత్రము మీ చేతిలో లేదు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను ప్రకారము జంతువును చంపుట, విషము పెట్టుట, అంగవికలము చేయుట అయిదేండ్ల వరకు జైలు శిక్షకు తగిన నేరము. పెంచిన జంతువును ఆకలిదప్పులకు గురియగునట్లు విడిచివేయుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము క్రింద నేరము. 2023 నాటి జంతు సంతాన నియంత్రణ నిబంధనలు వీధికుక్కల శస్త్రచికిత్స, టీకాల భారమును స్థానిక సంస్థలపై నుంచినవి. పెంపుడు కుక్క టీకా, నులిపురుగుల మందు, శస్త్రచికిత్స యజమాని బాధ్యత యని చెప్పినవి. 2025 ఆగస్టు 22వ తేదీన సుప్రీంకోర్టు వీధికుక్కల కేసులో ఇచ్చిన ఉత్తర్వునందు, వీధికుక్కను దత్తత తీసికొనువారు అది తిరిగి వీధికి రాకుండ చూచుకొనవలెనని స్పష్టముగా నిర్దేశించినది. అదే సంవత్సరము నవంబరు 7వ తేదీ ఉత్తర్వులో పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు స్టేషన్లు మొదలగు తావులనుండి కుక్కలను తొలగించి ఆశ్రయములకు తరలింపవలెనని ఆదేశించినది. ప్రజల భయమును మేము తక్కువ చేయుట లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుని వీధికుక్కలు చంపిన సంగతి తలచుకొన్నచో నేటికిని ఒడలు గగుర్పొడుచును.

చివరిదియు, అన్నిటికన్న పెద్దదియు పిచ్చివ్యాధి. దీనినే రేబిస్ అందురు. మనుష్యులకు ఈ వ్యాధి నూటికి 99 పాళ్లు కుక్కలవలననే వచ్చుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. లక్షణములు కనబడిన పిమ్మట బ్రదికినవారు దాదాపు లేరు. కనబడకముందు టీకా సకాలములో సక్రమముగా పడినచో చచ్చిపోవలసిన పని లేదు. మన పెద్దలలో ఇప్పటికిని బొడ్డుచుట్టు పదునాలుగు సూదుల భయము పోలేదు. 1907లో కూనూరున పాశ్చరు సంస్థ వెలసిన పిమ్మట దక్షిణదేశమున కుక్క కరచినవారిని అంత దూరము పంపిన కాలము గలదు. గొర్రె మెదడునుండి చేసిన ఆ పాత టీకాను మన దేశము ఇరువది యేండ్ల క్రిందటనే మానివేసినది. నేడు సూది భుజమునకే. ప్రభుత్వ ఆసుపత్రులలో చర్మములోనికి వేయు పద్ధతిలో కరచిన నాడు, 3వ, 7వ, 28వ దినములలో వేయుదురు. గాయము లోతుగానున్నచో గాయములోనే వేయు వేరొక మందు గలదు. దానిని అడిగి వేయించుకొనవలెను.

కరచిన వెంటనే పారుచున్న నీటితో, సబ్బుతో 15 నిమిషములు కడుగవలెను. పసరు, సున్నము, కారము, పసుపు అద్దరాదు. కరచినది మన యింటి నాలుగు కిలోల కుక్కయే యైనను, టీకా పడిన కుక్కయే యైనను, ఆసుపత్రికి పోవలెను. కుక్కను పది దినములు కట్టి కనిపెట్టవలెను. ఆ పది దినములు చూచి టీకా వేయించుకొందమనుట మాత్రము కూడదు. కుక్కకు మూడవ నెలలో మొదటి టీకా, తరువాత వైద్యుడు చెప్పినట్లు రెండవది, ఆపై ఏటేట ఒకటి. ఊరిలోని కుక్కలలో నూటికి 70 వంతులకు టీకా పడినచో వ్యాధి గొలుసు తెగునని శాస్త్రజ్ఞుల లెక్క. పెంపుడు కుక్కలతోనే అది మొదలు కావలెను. అవి పట్టుబడును గనుక.

2025 డిసెంబరు ఎన్నికలలో గెలిచి వచ్చిన మీకు ఈ పని భారమైనది కాదు. పంచాయతీ తీర్మానముతో ఒక పట్టీ తెరువుడు. ఇంటి నెంబరు, యజమాని పేరు, కుక్క జాతి, రంగు, ఎచ్చటినుండి తెచ్చిరి, శస్త్రచికిత్స జరిగినదా, టీకా వేసిన తేదీ, మరల వేయవలసిన తేదీ: ఈ గడులు చాలును. ప్రతి సంవత్సరము జులై 6వ తేదీన జూనోసిస్ దినమున పశువైద్యశాలలలో కుక్కలకు ఉచితముగా టీకా వేయు ఆనవాయితీ గలదు. దానికి నెల ముందుగా పశువైద్యునితో మాట్లాడి, ఊరిలో టముకు వేయించి, పట్టీ ప్రకారము ఇంటింటికి కబురంపుడు. పట్టణమునకు పోవు కుటుంబము కుక్కను ఎవరికి అప్పగించినదో కూడ అందులో వ్రాయించుడు. సభ్యులలో ఎవరి యింట కుక్క యున్నదో, పట్టీలో మొదటి పేరు వారిదే వ్రాయించుట మంచిది.